చివరి ఫారం

పాత పుస్తకాలకు కొత్త అట్టలు వేసే కార్ఖానా, వెనక గది. పెద్ద కాగితాన్ని పదహారు పేజీలుగా మడిస్తే దాన్ని ఫారం అంటారు. ఆ ఫారాలు కుట్టడం అక్క పని. కుట్టినవాటికి అంచులు కోసి అట్ట వేయడం తమ్ముడి పని. మధ్యాహ్నం వేళ. కోత మిషను మోత. గోడకు అవతల, ముందు గదిలో, యజమాని దగ్గరికి ఎవరో వచ్చారు.

"తలెత్తకు. పని చేస్తున్నట్టే ఉండు."

"చేస్తూనే ఉన్నాగా అక్కా."

"ఏం చేస్తున్నావు? ఆ అట్టకి జిగురు రాసిందే రాస్తున్నావు. అట్ట అనుకున్నావా, గోడ అనుకున్నావా?"

"ఆ కారు ఇంకా ఉందా?"

"ఏ కారు?"

"అదే... బయట."

"నేను కారు మాట ఎత్తలేదే! నీ బల్ల దగ్గర్నించి వీధి కనపడదు. కారొచ్చిందని నీకెలా తెలుసు?"

"చప్పుడు వినపడింది."

"ఈ మిషను మోతలోనా? నా మాటే సగం వినపడక ఛస్తుంటావు."

"పోనీ, మిషను ఆపనా?"

"ఆపకు! ఆపావంటే మనం అనుకునేదంతా ముందు గదిలో పడుతుంది. చిత్తుకాగితాలు పెట్టి కొడుతూ ఉండు. ఇటు చూడు... చూడరా నాకేసి. ఏం చేశావు?"

"ఏం చేశాను? ఏం చెయ్యలేదు."

"తలుపు సందులోంచి చూశాను. మన చిమ్మటగాడు రెండు చేతులూ కట్టుకుని నిలబడి ఉన్నాడు. నిలబడి! వాడి కుర్చీలో ఇంకెవరో కూచున్నారు. వాడు ఆ కుర్చీలోంచి లేవడం నేనెప్పుడైనా చూశానా?"

"యజమానిని చిమ్మట అంటావేంటక్కా, వింటాడు."

"పుస్తకాల మీద బతికే పురుగు. ఇంకేమనాలి? మాట మార్చకు. బల్ల మీద ఒక పుస్తకం ఉంది. ఎర్ర అట్ట."

"ఎర్ర అట్టలు బోలెడు వేస్తాం."

"మూలలకి తోలు ఉంది."

"..."

"ఏరా, మూలలకి తోలు అంటే నీ మొహం అలా పాలిపోయిందేం?"

"పెద్దింటి వాళ్ళదా?"

"నన్నడుగుతావేం? మొన్న చిన్నమ్మగారి నవలకి తోలు మూలలు వేసింది నువ్వు. బంగారు రేకుతో గీతలు కొట్టింది నువ్వు. 'ఇంత సోకెందుకురా' అంటే కసిరావు కూడా. ఏమైంది దానికి? కుట్టు ఊడిందా?"

"నువ్వు కుట్టింది ఊడుతుందా అక్కా."

"మరి అట్ట లేచిందా?"

"నేను వేసింది లేస్తుందా?"

"అబ్బబ్బ, ఇద్దరం మొనగాళ్ళమే! అయితే ఆ పెద్దబాబు చెల్లెలి పుస్తకం పట్టుకుని ఈ సందులోకి ఎందుకొచ్చినట్టు? మన మొహాలు చూసిపోదామనా?"

"పెద్దబాబే వచ్చాడా? తనే?"

"తనే. గుమ్మంలో ఇద్దరు మనుషులు కూడా ఉన్నారు. లోపలికి రారు, కూచోరు. ఊరికే నిలబడ్డారు. అలా నిలబడే మనుషులంటే నాకు భయం. నీకు దణ్ణం పెడతా, చెప్పు."

"అక్కా... చివరి ఫారం..."

"ఊఁ?"

"అందులో లేదు."

"ఎందులో?"

"ఆ నవల్లో."

"లేకపోవడమేంటి? నేను కుట్టాను! నా చేత్తో కుట్టాను. నేను ఫారం వదిలేస్తానా?"

"నువ్వు వదల్లేదు. కుట్టిందాన్ని మళ్ళీ విప్పాను. అదొక్కటీ తీశాను."

"తీసి?"

"దాని జాగాలో తెల్ల కాగితాలు పెట్టి నేనే కుట్టాను. లావు తగ్గిపోతుంది కదా. లోపల పేజీలు తక్కువైతే పుస్తకం వీపు ముడత పడుతుంది. అందుకని."

"ఓరి దేవుడా. తెల్ల కాగితాలా? ఆ ముసలి పుస్తకంలో? తెరిచిన వాడికి మెరుస్తూ కనపడవూ?"

"కనపడవు. టీ నీళ్ళలో ముంచి ఆరబెట్టాను. ఇస్త్రీ చేశాను. పాత పేజీల రంగే వచ్చింది. పక్కపక్కన పెడితే నువ్వు కూడా..."

"చాల్చాలు! మురిసిపోతున్నాడు మళ్ళీ! ఒరేయ్, వెధవ పని చేసేవాడు వెధవలా చెయ్యాలిరా. జారిపోయింది, మర్చిపోయామంటే నాలుగు తిట్లతో పోయేది. ఇంత నీటుగా చేస్తే పొరపాటని ఎవడు నమ్ముతాడు?"

"ఊరికే అతికించబుద్ధి కాలేదు."

"ఎందుకు తీశావు? ఎవడైనా తెమ్మన్నాడా? అమ్ముకుందామనా?"

"ఛ! అమ్మడమేంటి!"

"మరి?"

"..."

"మిషను కొట్టు, మిషను కొట్టు. ఆగితే వాడొస్తాడు. మరి ఎందుకు?"

"తను వెతుక్కుంటూ వస్తుందని."

"ఎవరు?"

"..."

"ఎవర్రా? ...చిన్నమ్మగారా?"

"అరవకక్కా!"

"నేను అరవట్లేదు. ఆ నీళ్ళ గ్లాసు ఇలా ఇయ్యి. ...ఆ పిల్లని ఎన్నిసార్లు చూశావు నువ్వు?"

"రెండుసార్లు. పుస్తకం ఇవ్వడానికి వచ్చినప్పుడొకసారి. తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు, కార్లో."

"కారు దిగలేదా?"

"అద్దం దించింది."

"ఓహో, అద్దం దించింది. ఇంకేం, పెళ్ళే!"

"ఎగతాళి చెయ్యకు. ఇవ్వడానికి వచ్చినప్పుడు లోపలికొచ్చి నాతో మాట్లాడింది. 'జాగ్రత్తగా చెయ్యి, ఇది నా ప్రాణం. చివర చదివినప్పుడల్లా ఏడుస్తాను' అంది. నా కళ్ళలోకి చూసి అంది అక్కా."

"నీ కళ్ళలోకా, నీ వెనక గోడ మీద గడియారంలోకా? చెప్పు."

"గడియారం నా వెనకే ఉంది మరి."

"నిన్ను ఏమని పిలిచింది?"

"'ఇదిగో' అంది."

"ఇదిగో! బావుంది. కుక్కపిల్లకైనా ఒక పేరు పెట్టుకుని పిలుస్తారు. ఆ 'ఇదిగో'కి నువ్వు ఫారం కోసేశావు."

"చివర లేదని చూసుకుంటుంది కదా. ప్రాణమంది కదా. చూసుకుని ఇక్కడికే వస్తుంది. 'చివరిది ఏదీ' అని నన్నే అడుగుతుంది. అప్పుడు చేతికిద్దామని."

"ఇచ్చి?"

"ఇచ్చి..."

"ఇచ్చి ఏమంటావురా?"

"అక్కడిదాకా అనుకోలేదు."

"అనుకోలేదు. మనవాళ్ళెవరూ అక్కడిదాకా అనుకోరు. వాళ్ళ తోటమాలి అనుకున్నాడా? మెట్ల మీద ఆ పిల్ల చెప్పు జారితే వంగి అందించబోయాడు. అంతే. అందించిన చెయ్యి ఇవాళ్టికీ గ్లాసు ఎత్తదు. మొన్న సందు చివర కనపడ్డాడు, ఎడం చేత్తో బీడీ ముట్టించుకోలేక తంటాలు పడుతున్నాడు."

"మెట్ల మీద పడ్డాడని కదా అన్నారు?"

"ఎవరన్నారు? వాడి నోటితోనే అనిపించారు. వాడు సంతకం కూడా పెట్టాడు, ఎడం చేత్తో. నీ చేతులకేసి చూసుకో ఒకసారి. అవి పోతే నువ్వేంటి? ఈ జిగురు, ఈ కత్తి, ఈ మిషను తప్ప నీకేమొచ్చు?"

"భయపెట్టకు."

"నేను భయపెడుతున్నానా? నిన్ను ఇక్కడ పెట్టించింది నేను. 'నాది పూచీ' అన్నాను చిమ్మటతో. ఈ పని పోతే మనం ఉండడానికి వాడిచ్చిన గదీ పోతుంది. గది పోతే సామాను నెత్తిన పెట్టుకుని ఎక్కడికి? నా కూతురు బడికి ఎక్కణ్ణించి పోతుంది?"

"పోదు. ఏదీ పోదు. నేనే చేశానని చెప్తా."

"నోర్ముయ్."

"చెప్తాను అక్కా. నిన్ననిస్తానా? అందులో ఆ పిల్లలా నోరు మూసుకుని నిలబడతానా?"

"ఎందులో, ఏ పిల్ల?"

"నవల్లో. నువ్వు చదవలేదూ?"

"నేను చదివిన నవలలన్నీ మడతలే. ఇది మొదలు, అది మధ్య, పక్క టేబుల్ మీద ఇంకోటి. ఫారాలు మడుస్తూ కూడబలుక్కుని నేర్చుకున్న చదువు నాది. ఏ కథకీ తోకా తొండం కలవలేదు. గుర్రబ్బండి తోలేవాడు, దొరగారి కూతురు. అదేగా?"

"అదే. వాడికి ఆమంటే ప్రాణం. ఆమెకి ఇంకొకాయన మీద మనసు. ఆయన్ని కలవడానికి రాత్రిళ్ళు ఆమెని బండిలో తీసుకెళ్ళేది వీడే."

"వీడే! చూశావా రాసినాయన తెలివి. ప్రేమా వాడిదే, చాకిరీ వాడిదే."

"చివర్లో దొరగారికి తెలిసిపోతుంది. గేటు తీసిందెవరని అడుగుతాడు. బండివాడు ముందుకొచ్చి, తప్పంతా నాదే, అమ్మగారిని నేనే మాయచేసి తీసుకెళ్ళానంటాడు. కొరడా తెప్పిస్తారు. కొట్టేముందు దొరగారు కూతురు వైపు తిరిగి, 'వీడు చెప్పేది నిజమేనా?' అని అడుగుతాడు. ఏమంటుందో తెలుసా?"

"ఏమంటుంది?"

"'నాకేమీ తెలీదు.' అంతే అక్కా. అంతే! ఒక్క ముక్క చెప్తే వాడు బతికేవాడు. వాణ్ణి కొడుతుంటే కిటికీ దగ్గర నిలబడి ఏడుస్తుంది. వాడు పోయాక సమాధి మీద పూలు పెడుతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అట్టలు వేస్తూ చదివాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ఫారం కోసేటప్పుడు కసిగా కూడా అనిపించింది."

"భయమేసి ఉంటుంది పాపం."

"నువ్వు కూడా పాపం అంటావా?"

"భయమేస్తే నోరు రాదురా."

"ఎంత భయమైతే మాత్రం? తన కోసం ఒక మనిషి నిలబడితే... నేనైతే మెడ మీద కత్తి పెట్టినా చెప్పేవాణ్ణి."

"నీకింకా భయమంటే తెలీదు. నాకా నవల రాసినాయన మీద ఉంది కోపం. ఏనాడైనా బండి తోలేవాడి పక్కన కూచుని టీ తాగాడా ఆయన? చచ్చేది మనం, ఏడ్చేది వాళ్ళు, ఆ ఏడుపుకి అట్టలు వేసిచ్చేదీ మనమే. నీలాంటి వెర్రివాడు చదివి, అదేదో గొప్పనుకుని... సర్లే. ఏదీ ఆ ఫారం? ఇంట్లో ఉందా?"

"లేదు."

"పారేశావా? పారేశానని చెప్పరా, నీ నోట్లో చక్కెర పోస్తా."

"ఉంది."

"ఎక్కడ?"

"చొక్కాలో."

"ఈ చొక్కాలోనా? ఇప్పుడా?"

"రోజూ పెట్టుకుంటున్నా. ఎప్పుడొస్తుందో తెలీదు కదా. చెమట తగలకుండా ప్లాస్టిక్ కవరు చుట్టాను."

"ఒరేయ్ ఒరేయ్ ఒరేయ్... ఇటియ్యి. ఇటియ్యమంటున్నానా! గుండీ తియ్యి."

"లాగకు, చిరుగుతుంది!"

"నువ్వు చిరిగిపోతున్నావిక్కడ, కాగితం గురించి ఏడుస్తావేం! ఇచ్చావా... జిగురు కాచే పొయ్యి మండుతోందా?"

"మండుతోంది. వద్దక్కా!"

"మూత తియ్యి. బూడిదైపోతే ఇక ఎవడొచ్చి ఏం వెతుక్కుంటాడో వెతుక్కోనీ."

"అక్కా, పాత కాపీ అది. వాళ్ళ నాయనమ్మ కాలం నాటిది. పోతే మళ్ళీ దొరకదు. కాల్చకు, నీకు పుణ్యముంటుంది."

"నువ్వు పోతే దొరుకుతావా నాకు? జరుగు. జరగరా... ఛ."

"ఏమైంది?"

"చెయ్యి రావట్లేదురా."

"నే చెప్పలే?"

"ఇన్నేళ్ళు కుట్టిన చేతులు. ఫారం కింద పడితే తీసి కళ్ళకద్దుకున్న చేతులు. నిప్పులో పెట్టమంటే వెనక్కి వస్తున్నాయి. ఎంత దరిద్రపు చేతులో చూడు!"

"పోనీ మళ్ళీ నా దగ్గర..."

"నీ దగ్గర ముట్టుకోనివ్వను. నా అన్నం సంచిలో పెడుతున్నా. సాయంత్రం ఎలాగోలా పుస్తకం చేతికొస్తే మళ్ళీ కుట్టేద్దాం. ఇప్పుడు ఎవరడిగినా ఒకటే మాట: విప్పినప్పుడే చివరి పేజీలు లేవు, మేం చూసుకోలేదు. అర్థమైందా? మొదట్నించీ లేవు."

"సరే."

"మళ్ళీ చెప్పు."

"మొదట్నించీ లేవు."

"గుండీ పెట్టుకో."

"ఊడిపోయింది. నువ్వు లాగావుగా."

"చేత్తో పట్టుకో అయితే... ష్. అడుగులు. చిమ్మటగాడే వస్తున్నాడు. కొట్టు, మిషను కొట్టు!"

"ఆపు. ఆపు ఆ మిషను."

"ఆగింది సార్."

"అమ్మయ్యా. ఇప్పటిదాకా ఈ మోతలో ఏం చేస్తున్నారు మీరిద్దరూ?"

"పని సార్. ఇంకేముంది మాకు?"

"నువ్వు ఆగమ్మా. ముందు గదిలో పెద్దబాబు కూచున్నారు. టీ తెప్పించాను, ముట్టుకోలేదు. చల్లారిపోయింది. నా టీ ముట్టుకోని పెద్దమనిషిని ఇదే చూడటం. వాళ్ళ కాలేజీ లైబ్రరీ పనంతా మనదే, తెలుసు కదా? అది పోతే నేనూ లేను, మీరూ లేరు. ఇదిగో, ఈ పుస్తకం ఎవరు చేశారు?"

"మేమే సార్. కుట్టు నాది, అట్ట మా తమ్ముడిది. బాలేదా సార్?"

"బావుంది. మహా బావుంది. చిన్నమ్మగారు దీన్ని తీసుకెళ్ళి తను చేసుకోబోయే అబ్బాయికి కానుకగా ఇచ్చింది."

"చేసుకోబోయే..."

"నీకేంట్రా మధ్యలో?"

"ఏం లేదు సార్."

"'ఇది నా ప్రాణం, ఇక్కణ్ణించి వచ్చాక కూడా మళ్ళీ చదివాను, చివర చదివి మళ్ళీ ఏడ్చాను' అని చెప్పి మరీ ఇచ్చింది. ఆ అబ్బాయి చదువుకున్నవాడు, నిజంగానే చదివాడు. నిన్న అందరూ భోజనాల దగ్గర కూచున్నప్పుడు పుస్తకం తెచ్చి చివర తెరిచి చూపించాడట. 'ఈ తెల్ల కాగితాలు చూసి ఏడ్చావా?' అని. అటువాళ్ళంతా నవ్వారట. చివర ఏముందో పోనీ నోటితో చెప్పమన్నాడట. ఆవిడకి రాలేదు."

"రాలేదా సార్?"

"ఎలా వస్తుంది, ఎప్పుడూ చదివి ఉంటేగా! అద్దాల బీరువాలో పుస్తకం అది. కానీ నేనా మాట అనలేను, నువ్వూ అనలేవు. పెద్దబాబు ఏమంటున్నారో తెలుసా? మా చెల్లెల్ని నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలని ఎవడో కావాలని చేసిన పని ఇది, వాడెవడో నాకు కావాలి అంటున్నారు."

"అయ్యో, కావాలని ఎవరు చేస్తారు సార్? విప్పినప్పుడే చివరి పేజీలు లేవేమో. పాతది కదా. మేం చూసుకోలేదు. మొదట్నించీ..."

"వాసన చూడు."

"సార్?"

"ఈ తెల్ల కాగితాలు. ముక్కు దగ్గర పెట్టుకుని చూడు. ఏం వాసన?"

"జిగురు వాసన సార్."

"టీ వాసన. మొదట్నించీ పేజీలు లేకపోతే ఈ కాగితాలు టీలో ఎందుకు మునిగాయి? వాటంతటవే మునిగి, వాటంతటవే ఆరి, ఇస్త్రీ కూడా చేసుకుని వచ్చి కూచున్నాయా? పొరపాటున? నేనూ ఈ పనిలో పుట్టి పెరిగినవాణ్ణేనమ్మా. ఆ కాగితాలు ఎక్కడున్నాయి? ఒరేయ్, నీ చొక్కా అలా పట్టుకున్నావేం?"

"గుండీ ఊడింది సార్."

"చెయ్యి తియ్యి. చొక్కా విప్పు."

"సార్, నేను..."

"విప్పు. లేదా గుమ్మంలో వాళ్ళని పిలుస్తాను, వాళ్ళు విప్పుతారు."

"వాణ్ణి విప్పమనక్కర్లేదు సార్. నా సంచిలో ఉన్నాయి."

"ఏమన్నావు?"

"ఆ అన్నం సంచిలో. గిన్నె కింద. చూసుకోండి."

"..."

"ఉన్నాయా?"

"ఉన్నాయి. నీకేం పోయేకాలమమ్మా! ఇన్నేళ్ళు నీ మీద ఒక్క మాట రాలేదే. ఎందుకు చేశావీ పని?"

"చదువుకుందామని."

"చదువుకోవడానికా?"

"పుస్తకాలన్నీ నా చేతుల మీదుగానే పోతాయి సార్. ఒక్కటైనా చివరిదాకా చదివానా? మడిచేదాకానే నాది, కుట్టాక వాళ్ళది. దీని చివర ఏమవుతుందో చూడాలనిపించింది. చదివి మళ్ళీ పెట్టేద్దామనుకున్నాను. ఈలోపు పట్టుకుపోయారు."

"మరి టీ ఎవరు ముంచారు?"

"నేనే."

"అంచులు ఎవరు కోశారు? ఈ కోత చూడు, గీత గీసినట్టుంది. నువ్వు మిషను ముట్టుకోవు. ముట్టుకోవడానికి నీకు భయం. ఆ సంగతి నాకు తెలీదా?"

"నేర్చుకున్నాను సార్."

"ఎప్పుడు?"

"ఈమధ్యే."

"అలాగా. సరే, విను. ఇవి పాతకాలం కాగితాలు, దొరకని వస్తువు. ఇది దొంగతనం. ఆడమనిషైతే స్టేషన్‌కి పంపమన్నారు పెద్దబాబు. కార్లోనే తీసుకెళ్తారు. నీ పని ఇవాళ్టితో సరి, గది రేపు ఖాళీ చెయ్యాలి. ఇది ఆడమనిషి సంగతి. మగాడైతే స్టేషన్‌దాకా కూడా అక్కర్లేదన్నారు. మగాడు ఎందుకు చేశాడో తనకి తెలుసట. ఆ ఇద్దరూ చూసుకుంటారట."

"మగాడెవడూ లేడు సార్ ఇందులో. చెప్పాగా. పదండి, వస్తున్నా. ఒరేయ్, సాయంత్రం పిల్ల బడినుంచి వస్తే..."

"ఉండు. నాకు నమ్మకం కుదర్లేదు. ఒరేయ్, ఇటు రా. వెనక్కి పోతావేం? నేనేం కొడతానా?"

"లేదు సార్."

"చిన్నమ్మగారు కూడా వచ్చింది. బయట కార్లో కూచుంది. చేసినవాడి మొహం చూడాలంది."

"వచ్చిందా?"

"ఏం?"

"ఏం లేదు సార్."

"నువ్వూ మీ అక్కా ఒకే గదిలో పొద్దున్నుంచి సాయంత్రందాకా కూచుంటారు. ఈవిడ ఫారం విప్పితే నీకు కనపడదా? టీ ముంచితే కనపడదా? నీ మిషను దగ్గరికొచ్చి కోసుకుంటే కనపడదా?"

"వాణ్ణెందుకు సార్ పీడిస్తారు..."

"నువ్వు మాట్లాడకమ్మా! వాడి నోటితో వినాలి నేను. చెప్పరా. ఇందాక ఏదో 'నేను' అన్నావు. నేను అని ఆగిపోయావు. ఏంటది?"

"నేను... నేను సార్..."

"ఆఁ, నువ్వు?"

"..."

"అదిగో, పెద్దబాబు లేచారు. కుర్చీ చప్పుడైంది. ఇటే వస్తున్నారు. తలెత్తి చెప్పు. ఈవిడ చెప్పేది నిజమేనా?"

"నాకేమీ తెలీదు."